ఒడ్డు గుర్తు

రాత్రి రెండు దాటింది.
పెద్దాసుపత్రి క్యాజువాల్టీ నేలమీద
ఫినాయిలు వాసన, దాని అడుగున చేపల వాసన.
ట్రాలీ మీద గరికిన ఎల్లాజీ.
హార్బరులో వించి తాడు తెగి
ఎడమ రొమ్మును కొట్టిందట.
లుంగీకి ఇంకా ఐసు తడి.

పెదాలు నేరేడుపండు రంగుకి తిరుగుతున్నాయి.
స్టెతస్కోపు పెడితే
పక్క మంచం పిల్లాడి ఏడుపు,
గేటు దగ్గర అంబులెన్సు కూత,
నా గుండె చప్పుడు,
అన్నీ వినబడుతున్నాయి, అతని ఊపిరి తప్ప.
ఎక్స్‌రే బండి పై అంతస్తులో ఉంది.
లిఫ్టు ఎక్కడుందో ఎవరికీ తెలీదు.
స్కానింగు గది కారిడార్ చివర.
ఈ రాత్రి ఇతనికి ఆ కారిడార్
భీమిలి కంటే దూరం.

కరుణ సిస్టర్ అడక్కుండానే
చిన్న మిషను తోసుకొచ్చింది.
ఒక చక్రం కీచుమంటుంది దానికి.
"కొంచెం చల్లగా ఉంటుంది" అన్నాను జెల్ రాస్తూ, అలవాటుగా,
తెల్లార్లూ ఐసు మోసే మనిషితో.

ముందు కుడివైపు.
పైన సన్నటి గీతలు, అలల వరసల్లా.
కింద గరుకు చుక్కలు, ఇసుకలా.
మా చదువులో దీని పేరు సముద్రతీరం.
ఊపిరితిత్తి ఆడుతోందని అర్థం.
మడకశిర నుంచి ఈ ఊరొచ్చిన కొత్తలో
బీచికి వెళ్ళే తీరిక దొరక్కముందే
ఇక్కడే, ఈ ట్రాలీ పక్కనే,
మొదటి తీరాన్ని నేను
ఒకరి ఛాతీలో చూశాను.

ఎడమవైపు పెట్టాను.
అలలు. వాటి కిందా అలలు.
గీత కింద గీత, గీత కింద గీత,
తెర అడుగు దాకా.

గుమ్మంలో మసేనమ్మ.
నెత్తిన గంప లేకపోయినా
మెడ నిటారుగానే ఉంది.
"ఇందాక ఇసక అవుపించింది గదా డాట్రమ్మా,
ఒడ్డు ఎటెల్లిపోనాది?"

పరీక్షల్లో కూడా నన్నెవరూ
ఇంత తిన్నగా అడగలేదు.

ఈ మిషనంటే నాకు భక్తేమీ లేదు.
మొన్న వేసంగిలో
తగరపువలస నుంచి ఒక కుర్రాణ్ణి తెచ్చారు, బైకు జారి.
కాలేయానికీ మూత్రపిండానికీ నడిమి సందులో
నలుపు కోసం వెతికాను. నలుపంటే నెత్తురు.
లేదు.
లేదని రాశాను, సంతకం పెట్టాను.
అరగంటకి మళ్ళీ చూడాల్సింది.
చూసింది నేను కాదు, మా సారు.
అప్పటికా సందు గెడ్డలా పారుతోంది.
కుర్రాడు బతికాడు.
నా సంతకం మాత్రం
ఇంకా ఆ కాగితం మీదే ఉంది.

సూది.
పక్కటెముక పై అంచు మీంచి, లోపలికి.
సైకిలు ట్యూబు వాల్వు తీసినట్టు గాలి.
ఆ తర్వాత గొట్టం, సీసా నీళ్ళలో బుడగలు.
ఎల్లాజీ మొదటిసారి నిండా ఊపిరి తీసుకుని
దాన్నంతా ఒక్క బూతుకి ఖర్చుపెట్టాడు,
వించినీ, తాడునీ, తాడు మార్చని ఓనర్నీ కలిపి.
"ఆక్సిజన్ అందింది" అంది కరుణ సిస్టర్.

మళ్ళీ పెట్టాను. ఇసుక.
తను కూడా తల తిప్పి చూశాడు.
"మా బోట్లో పెట్టి ఇంతకన్నా పెద్దది,
సేపల్ని సూపెడతాది."
"మాట్లాడకు" అన్నాను.
"ఒడ్డుకొచ్చినట్టేనా?" అంది మసేనమ్మ.
ఒడ్డు కనిపిస్తోందని మాత్రం చెప్పాను.

పొట్ట చూశాను. ప్లీహం పక్కన నలుపు లేదు.
లేదు అని రాయలేదు.
రెండూ నలభైకి లేదు, అని రాశాను.

స్టూలు మీద కూర్చుంటే కళ్ళు మూసుకుపోతున్నాయి.
సిస్టర్ టీ తెచ్చింది, తాగలేదు.
మూడూ పదికి
జెల్ సీసాని కాసేపు
అరచేతుల మధ్య వెచ్చబెట్టి
లేచాను.