వాడుక లెక్క: ఒకటి

ఇస్కపల్లి కట్ట మీద రాత్రి రెండున్నర.
జనరేటర్ షెడ్డులో మేత సంచుల సందున
చెప్పుల డబ్బాంత కంప్యూటరు.
దానికి మతి పోయిందని పెంచల నరసయ్య ఫోను.
అల్లూరు నుంచి స్కూటీ మీద వచ్చాను,
కళ్లలో ఉప్పుగాలి.

మతి పోలేదు. జాగా చాల్లేదు.
మూణ్ణాళ్ల కింద గుంటలో దించిన కొత్త ఆక్సిజన్ మీటరు
ఏం చెబుతోందో కెర్నెల్‌కి తెలీదు.
ఆ భాష వచ్చిన మాడ్యూలు డిస్కులోనే ఉంది,
పిలవని పేరంటానికి రానని.

"ఏంది పాపా ఆ మాడ్యూలు?"
టార్చి పట్టుకున్న మస్తానయ్య అడిగాడు.
పట్టుబడి రోజు కూలీల్ని పిలుస్తాం గదా,
పనయ్యాక పంపేస్తాం గదా,
ఏడాదంతా కూర్చోబెట్టి కూడు పెట్టం గదా. అట్టాంటిది.
కాసేపు ఆలోచించాడు.
"పంపే ముందు వల ఎవురి చేతిలో ఉండాదో
చూసుకోవాల మరి."

జాబితా తెరిచాను.
పేరు, బరువు, చివర్న ఎంతమందికి అవసరమో ఒక అంకె.
ప్రింటరు: సున్నా. ఇక్కడ కాగితమే లేదు.
జాయ్‌స్టిక్కు: సున్నా. రొయ్యలతో ఎవరాడతారు?
బ్లూటూతు, కెమెరా, పేరు కూడా నోరు తిరగనిది ఇంకొకటి,
ఒక్కొక్కటే దించేశాను.
ఏదీ గొణగలేదు.

సౌండు: ఒకటి.
దిగనంది. వాడుకలో ఉన్నానంది.
గుంట గట్టున సౌండు దేనికి?
బలవంతంగా ఈడ్చే దారీ ఉంది,
ఆజ్ఞ చివర ఒక్క తోక తగిలిస్తే చాలు.
వేలు అక్కడిదాకా పోయింది.
వల, అన్నాడు గదా ముసలాయన.

వెతికితే దొరికింది.
నాకు ముందు పనిచేసిన ఖాజావలి రాసిపోయిన పది వరసలు:
ఆక్సిజను మూడు దిగితే ఈ గొంతు వినిపించు.
ఆ గొంతు మూడు రాత్రులుగా
మీటరు మాట కోసం నోరు తెరుచుకుని కూర్చునుంది.

మీటరు మాడ్యూలుని పిలిచాను.
ఒంటరిగా రాలేదు,
తోడుపెళ్లికూతురులా సీరియల్ మాడ్యూలుని ముందు నడిపించుకొచ్చింది.
తెర మీద అంకె మెరిసింది.
రెండు పాయింటు ఎనిమిది.

మరుక్షణం షెడ్డు రేకులు అదిరాయి:
"లెయ్యయ్యో లెయ్! మొద్దు నిద్రా నువ్వూనూ!
రొయ్యలు తేలతా ఉండాయి!"

టార్చి కిందపడింది.
మస్తానయ్య అప్పటికే స్విచ్చుల దగ్గరున్నాడు.
గుంటలో చక్రాలు ఒక్కోటీ నీళ్లు చిమ్మడం మొదలెట్టాయి.

"మా రవణమ్మ," అన్నాడు రొప్పుతూ, సిగ్గుపడుతూ.
"సైరనుకి నేను లెయ్యను పాపా.
ఆ ఖాజావలి మా ఇంటికొచ్చి తిట్టించుకోని
పట్టకపోయినాడు."

ఇంటి దగ్గర ఆమె నిద్రలో ఉంటుంది,
ఇక్కడ తనకో వాడుక ఉందని
ఒక అంకె కాపలా కాస్తోందని తెలియకుండా.

కరెంటు పోయి వచ్చినా ఎవరెవర్ని పిలవాలో
ఫైల్లో రాసిపెట్టాను.
సౌండు వరస పక్కన, మెషిను చదవని చోట,
నా తర్వాత వచ్చేవాళ్ల కోసం:
దించే ముందు మస్తానయ్యనడుగు.