నీలగర్భలో నా వాటా

మల్కాపురంలో ఉండేవాడికి నూనె వాసన కొత్తేం కాదు.
రిఫైనరీ గొట్టం మీది మంట
రాత్రంతా మా గోడమీద ఊగుతూనే ఉంటుంది.
ముప్పై ఒక్కేళ్ళు షిప్‌యార్డులో
ఇనుముకీ ఇనుముకీ అతుకు వేశాను.
అతుకు నిలబడుతుందో లేదో
సుత్తితో తట్టి, చప్పుడు విని చెప్పగలను.

కాగితాన్ని ఎక్కడ తట్టి చూడాలో
నాకెవరూ నేర్పలేదు.

పరమేశు నేర్పుతానన్నాడు.
ద్వారకానగర్‌లో రెండో అంతస్తు, ఏసీ గది, అల్లం టీ.
బల్లమీద నున్నటి పుస్తకం.
అందులో సముద్రం అడుగున రాతి పొరలు,
నూకరత్నం పెళ్ళిచీర అంచులా
ఎరుపు, పసుపు, ఆకుపచ్చ.
గోడమీది పటంలో ఎర్ర పెన్సిల్‌తో ఒక చదరం.
"ఇదే మన బ్లాకు" అన్నాడు.
మన అన్న మాట దగ్గరే
నా గ్రాట్యుటీ సగం కరిగిపోయింది.

నీలగర్భ ఎక్స్‌ప్లొరేషన్.
చిన్న కంపెనీ కాబట్టే పెరుగుతుందన్నాడు.
చిన్నది కాబట్టే మునుగుతుందని
ఆ టీ కప్పు అడుగున ఎక్కడా రాసి లేదు.
నలభై ఒక్క రూపాయి చొప్పున తొమ్మిది వేల షేర్లు.

"నూనె జాడలు కనిపించాయి" అని కబురొచ్చిన రోజు
అది అరవై ఎనిమిది.
ఆ సాయంత్రం యారాడ కొండెక్కి చూశాను.
లంగరేసిన ఓడల దీపాల్లో
ఏదో ఒకటి నాదే అనిపించింది.
నా బావి ఇటు కాదనీ,
కాకినాడ అవతలెక్కడో అనీ తెలుసు.
తెలిసే చూశాను.

పులి అడుగు దొరికితే పులి దొరికినట్టా?
ఆ రోజు ఎవరైనా ఈ మాట అని ఉంటే
వాళ్ళతో మాట్లాడటం మానేసి ఉండేవాణ్ణి.

తర్వాత వచ్చిన మాట: డ్రై హోల్.
నెత్తిన అంత సముద్రాన్ని మోస్తూ
ఎండిపోయిన బావి!
మొదట నవ్వొచ్చింది.
పొద్దున తొమ్మిదీ పదిహేనుకి ఆగిపోయింది.
లోయర్ సర్క్యూట్.
అమ్మకానికి పదకొండు లక్షలు. కొనేవాళ్ళు, సున్నా.
మర్నాడూ అంతే.
ఆ మర్నాడు ఫోన్‌ని బియ్యం డబ్బాలో పెట్టి
మూత వేశాను.

ఫిషింగ్ హార్బర్‌లో గరికిన తాతారావు
వల బాగుచేసుకుంటూ అంతా విన్నాడు.
"మాకాడ పడవకో పాలు, వలకో పాలు, మనిసికో పాలు.
సేప పడకపోతే అందరం గంజే.
మీ కంపెనీలోన పెద్దోడు ఏటి తాగుతున్నాడు?"
జీతం తీసుకుంటాడు, అన్నాను. నెలనెలా.
"నీళ్ళలోని గేదెకి బేరమాడీసినావు బాబూ.
అయినా గేదైతే
కొమ్ములైనా అవుపడతాయి గదా."

రెండో బావికి డబ్బు చాలక
కంపెనీ ఇంకో మూడు కోట్ల షేర్లు అచ్చేసింది.
నా తొమ్మిది వేలు తొమ్మిది వేలే.
పులుసులో ముక్క అదే,
పైన మాత్రం బిందెడు నీళ్ళు పోశారు.

వాటాదార్ల మీటింగుకి రైలెక్కి వెళ్తే
వేలెడంత సీసా చేతిలో పెట్టారు.
లోపల నల్లటి నూనె. పైన చీటీ: మన తొలి పంట.
తెచ్చి దేవుడి పటం పక్కన నిలబెట్టాను.
మొన్న నూకరత్నం మూత తీసింది.
రెండు వేళ్ళ మధ్య రుద్ది, ముక్కు దగ్గర పెట్టుకుని
"నా కుట్టుమిషను నూనెలో మసి కలిపినట్టుంది" అంది.
తీసుకెళ్ళి గేటు బందులకి పోసేసింది.

ఇవాళ రేటు రూపాయి ఎనభై అయిదు.
మూడేళ్ళలో చేతికందిన డివిడెండు:
మా గేటు ఇప్పుడు కిర్రుమనదు.

కిర్రుమనదు కాబట్టే
నిన్న పరమేశు లోపలికొచ్చింది వినపడలేదు.
ఈసారి లిథియమట. చిన్న కంపెనీ.
మన గని, అన్నాడు.

లోపల కుట్టుమిషను ఆగింది.
నేను కుర్చీ వేశాను.