తెల్లనివన్నీ

సిరంజిలో తెల్లగా, చిక్కగా కనబడింది.
"ఏ ఆవు పాలమ్మా ఇవి?" అన్నాను.
నర్సు మార్లీస్ నవ్వింది.
"తాగే పాలు కావులే ఎల్డన్. పది నుంచి వెనక్కి లెక్కపెట్టు."
పది. తొమ్మిది.
ఎనిమిది అన్నానో లేదో నాకు తెలీదు.

ముప్ఫై ఎనిమిదేళ్లు పాలు పిండినవాణ్ణి.
విస్కాన్సిన్ కొండవాలున నలభై రెండు ఆవులు,
మంచు కురిసే తెల్లవారుజాము నాలుగింటికి
కొట్టంలో వాటి ఊపిరే నాకు కుంపటి.
తెల్లనిది ఏదైనా సరే
కంటితో చూసి వెన్న ఎంతో చెప్పేవాణ్ణి.
దీని సంగతి చెప్పలేకపోయాను.

నిద్ర మాత్రం, అబద్ధమెందుకు,
పెళ్లయ్యాక అంత నిద్ర నేనెరగను.
ఇరవై రెండు నిమిషాలు.
కల లేదు, ఈనబోయే ఆవు లేదు, బ్యాంకు లేదు.
లేచేసరికి ఎవరో చేతిలో ఆపిల్ రసం పెట్టారు.
రక్తం పడుతోందని వెళ్తే
పేగులో భయపడాల్సింది ఏమీ లేదన్నారు.

మూడు వారాలకి కవరొచ్చింది.
నెత్తిన పెద్దక్షరాలు: ఇది బిల్లు కాదు.
లోపల ఉన్నది బిల్లే.
నిద్రమందు, సీసా ఒకటి: నాలుగు వందల పన్నెండు డాలర్లు.
బీమావాళ్లు ఒప్పుకున్నది: అరవై ఒకటి.
బీమావాళ్లు కట్టింది: సున్నా.
నేను కట్టాల్సింది: అరవై ఒకటి.
మిగిలిన మూడు వందల యాభై ఒకటీ
ఎక్కణ్ణుంచి వచ్చాయో, ఎక్కడికి పోయాయో,
పుట్టకుండానే చచ్చిన దూడల్లా
ఒక గడిలో పడున్నాయి.

పక్క పొలం రోలండ్‌దీ అదే గది, అదే డాక్టరు, అదే తెలుపు.
వాడి కాగితంలో పందొమ్మిది.
వాడి చెల్లెలు ఐవాకి బీమా లేదు.
ఆమెకి ముందు నాలుగు వందల పన్నెండూ,
కిటికీ దగ్గర నిలబడి ఏడ్చాక నూట ఎనభై.

ఫోన్ చేశాను. నలభై నిమిషాలు వయొలిన్ విన్నాను.
టవాండా అనే పిల్ల, టెనెసీ నుంచి.
"అది ఒప్పందం రేటు సార్."
ఎవరి మధ్య?
"మాకూ ఆసుపత్రికీ."
మరి ఆ సీసాని ఆసుపత్రి ఎంతకి కొన్నది తల్లీ?
కీబోర్డు చప్పుడు ఆగింది.
"నాకు తెలీదు సార్. ఈ అంతస్తులో ఎవరికీ తెలీదు."
కాసేపాగి, గొంతు తగ్గించి,
"పోయిన నెల మా అమ్మకీ ఇదే పెట్టారు" అంది.
ఎంతయిందో తను చెప్పలేదు. నేనడగలేదు.

ఒక్క మాట మాత్రం చెప్పింది.
సీసాలో సగమే నా ఒంట్లోకి ఎక్కిందట.
మిగతా సగం పారబోశారట. దానికీ లెక్క కట్టారట.

కోపం రావాల్సిన చోట
నాకు ఆ ఏడాది వసంతం గుర్తొచ్చింది.
బళ్లు మూతపడి, హోటళ్లు మూతపడి
పాల ట్యాంకరు మా దారి తొక్కని వసంతం.
నేనే పైపు తిప్పాను.
రెండు రోజులు మా వాగు తెల్లగా పారింది.
పారబోసిన దానికి బిల్లు వెయ్యొచ్చని
అప్పుడు నాకెవరూ చెప్పలేదు.

వెయ్యడానికి నాకు ధర తెలిస్తే గదా!
పాలు లారీ ఎక్కిపోయిన నెలకి
వంద పౌన్లకి ఇంత అని చీటీ వచ్చేది.
అమ్మినప్పుడూ ఆఖర్నే తెలిసింది,
కొన్నప్పుడూ ఆఖర్నే.
తెల్లనివన్నీ పాలనుకునే వెర్రివాణ్ణి కాదు నేను.
తెల్లనివాటి ధర నిర్ణయించే గది
ఏ ఊళ్లో ఉంటుందో, అది తెలీనివాణ్ణి.

చెక్కు రాశాను.
కింద, దేనికోసమో రాసే చిన్న గీత మీద
పాలు అని రాసి, కొట్టేసి,
నిద్ర అని రాశాను.
ఆల్వినా భుజం మీంచి చూసి
స్టాంపు అంటించి ఇచ్చింది.

ఆవుల్ని అమ్మేసి రెండేళ్లయింది.
అయినా నాలుగింటికే మెలకువ.