మగ్గం గుంత

మెడికల్ షాపు నుంచి స్రవంతి పదకొండు అట్టపెట్టెలు తెచ్చింది.
గోలీల వాసన ఇంకా పోలేదు.
దగ్గుమందు పెట్టెల పోపుడబ్బాలు,
సెలైన్ పెట్టెల చద్దర్లు,
పెద్దదాంట్ల పటాలు.
మార్కండేయుణ్ని బోర్ల పెట్టొద్దు, మీదికే ఉండాలె అని
మా అత్త గొంతుతోని నాకు నేనే చెప్పుకున్న.

స్టీలు గిన్నెల మీద చుక్కలు చుక్కలుగ పేర్లు.
వంగరి వీరమల్లు, పెండ్లి కానుక.
ఎలగం సత్తెమ్మ, చదివింపు.
ఒక గంజు మీద పేరు అరిగి తేదీ ఒక్కటే మిగిలింది.
ఎవరిచ్చిన్రో యాదికొస్తలేదు,
ఇరవై ఆరేండ్లు అన్నం మాత్రం దాంట్లనే వండిన.
పాత పేపరు చుట్టబోతే
ఎనుమాముల మార్కెట్ల పత్తి ధర కనపడ్డది.
చదువుకుంట కూసున్న.
తొమ్మిది నెలల కిందటి ధర.

అంచు వంకరవోయి అమ్ముడుపోని జంపఖాన ఒకటుండె,
దాన్ని టీవీకి చుట్టిన.

కొత్తవాడ నుంచి దేశాయిపేట ఎంత దూరమని?
ట్రాలీ ఆటో ఆయన ఇల్లంత చూసి వేళ్లు మడిచిండు:
"ఏమున్నదమ్మా, ఒక బీరువ, ఒక మంచం, ఒక మగ్గం."
మగ్గం అనంగనే
ఈయన సుతిలి దేవులాడుకుంట లోపలికి పోయిండు.

కొత్తిల్లు మేడ మీద.
రెండర్రలు, నల్లా మంచిగొస్తది, గాలొస్తది.
మేడ మీద గుంత తవ్వనియ్యరు.
ఆ సంగతి ఇద్దరికీ ఎరుకే.
అడ్వాన్స్ ఇచ్చిన నాటి సంది
ఒకరితోని ఒకరం అనలేదు, అంతే.

అయినా విప్పిండు.
పన్నె, దోనె, నాడె, తొక్కుడు చెక్కలు.
ఒక్కొక్క కట్టె మీద సుద్దతోని అంకె వేసిండు,
రేపు పొద్దుగాలనే మళ్ల బిగించేటోని లెక్క.
ఒకటి నుంచి పందొమ్మిది.
పద్నాలుగు రెండుసార్లు పడ్డది.
నేను చెప్పలేదు.

ఇంటోళ్లది ఒక్కటే మాట,
గుంత పూడిస్తేనే అడ్వాన్స్ వాపస్.
పైన బండలు పరిపిచ్చి స్కూటర్ పెట్టుకుంటరట.

ఊడుద్దామని నేను దిగిన.
రాట్నం కాడ కండెలు చుట్టినదాన్నే గని
అండ్ల ఎన్నడు కాలు పెట్టలేదు.
మూలకు పీచు, ఎర్రది, ఆకుపచ్చది,
ఎవరి పెండ్లికో నేసిన నీలిది,
అంత కలిసి పిట్టగూడంత ముద్దయింది.
ఒక చారాణ బిల్ల.
స్రవంతి బలపం.
నా కమ్మ శీల!
దానికోసం పక్కింటి సరళమ్మ పిల్లను
ఏడాది పొడుగునా అనుమానంగ చూసిన.
కొంగుకు ముడేసుకున్న, ఎవరికీ చూపియ్యలేదు.
ఎదురు గోడకు రెండు నున్నటి సొట్టలు,
ఆయన కాళ్లు ఆనిన జాగ.
చేత్తోని తడిమిన, చల్లగున్నయి.
ఎక్కి బయటికొచ్చిన.

మొరం రెండు బండ్లు పట్టింది.
ఆయనే పోసిండు, ఆయనే దిమ్మిసతోని కొట్టిండు,
నీళ్లు చల్లి మళ్ల కొట్టిండు.
అయినంక చెమట తుడుచుకుంట ఆన్నే నిలవడ్డడు.
ఇన్నేండ్ల సంది ఆ జాగల ఆ మనిషిని
నడుము దాకనే చూసిన నేను.
చాయ్ ఇయ్యాలంటే వంగి ఇచ్చేది.
ఇయ్యాల్ల చెయ్యి మీదికి లేపిన.
ఇంత ఎత్తుంటడా, అనుకున్న.

బీరువ మొయ్య వచ్చిన పిల్లగాడు కొత్తోడు.
మేం ముగ్గురం గోడ పొంటి
చుట్టు తిరిగి పోతున్నం, వస్తున్నం,
వాడు నడిమిట్లకెల్లి సక్కగ నడిచిండు.
"పైలం బిడ్డా, గుంత!" అని ఒర్లిన.
ఆగి, కాళ్ల కింద చూసుకున్నడు.
తడి మొరం,
దాని మీద వాని చెప్పు గుర్తు.
"ఏడున్నదమ్మా?" అన్నడు.