మేత బిల్లు వెనక

రొయ్యల మేత బిల్లు తిరగేసి
మధ్యలో నిలువుగా ఒక గీత గీశాను.
ఎడమ వైపు మీ దేశం, కుడి వైపు మాది.
చంటిదాన్ని కాళ్ల మీద ఊపుతూ
గీత వంకరగా ఉందంది మరిసెల్.

అక్కడైతే నాకు
ముందు ఏడాది పరీక్ష కాలం.
నెగ్గితే ఉండిపోవచ్చు.
ఏడాదికోసారి వెళ్లి
ఇంకా ఉన్నానని చెప్పుకోవాలంతే.
ఇక్కడైతే తనకు
భార్యగా వచ్చిన వీసా,
దాన్ని పొడిగించుకుంటూ పోవడం,
అమలాపురం పోలీసాఫీసులో పేరు,
పెళ్లి రిజిస్టరై రెండేళ్లు నిండాక
జీవితకాలం కార్డుకి దరఖాస్తు.
రెండేళ్లంటే పన్నెండు దింపులు,
మా అమ్మ లెక్కలో.

కువైట్‌లో ఈ గీత లేదు.
ఇద్దరి పాస్‌పోర్టులూ ఎవరెవరివో బీరువాల్లో ఉండేవి.
శుక్రవారం చర్చి వెనక
నీళ్ల లారీ ఆపుకుని నేను,
ఒంటి నిండా ఇస్త్రీ వాసనతో తను.
పోల్చుకోవడానికేముంది,
ఇద్దరం ఒకే గడిలో ఉన్నాం.

"కార్డే మేలు బావగారూ" అన్నాడు
రాజోలు నెట్ సెంటర్ నూకరాజు.
"పని చేసుకోవచ్చు, ఆఫీసుల చుట్టూ తిరగక్కర్లేదు.
ఓటుండదు. పొలం కొనకూడదు."
కొబ్బరితోటో?
"అదీ పొలమే కదండీ."
మరిసెల్ నవ్వింది.
వాళ్లూళ్లో నాకూ సెంటు భూమి రాదట.
గీతకి రెండు పక్కలా
ఒకటే మాట రాశాను: మట్టి, లేదు.

మొన్న దింపులో
మా చిన్నాన్న రెండు కాయలు వలిచేలోపు
గునపం మీద మూడు వలిచింది తను.
కొబ్బరికాయని లుబీ అంటుంది.
ఇప్పుడు కోపమొస్తే మా అమ్మ కూడా
ఆ లుబీ ఇటు విసిరెయ్యవే, అంటోంది.

కానిస్టేబులు విచారణకొచ్చాడు.
పక్కింటి మంగతాయారు
చీపురుతోనే ఎదురెళ్లింది.
"ఎవరంటారేంటండీ, మా వదినగారండీ. ఆయ్.
చింతకాయ పచ్చడి నాకంటే బాగా నూరుద్దండీ."
అతను పచ్చడి వదిలేసి మిగతాది రాసుకున్నాడు.

ఆదివారం పాస్టరుగారు మెచ్చుకోలుగా అన్నారు,
సముద్రంలోంచి ఎదురీది వచ్చిన
పులసవమ్మా నువ్వు, అని.
ఇంటికొచ్చాక అడిగింది:
"చివరికి దాన్ని పులుసు పెట్టేస్తారు కదా?"

ఇంకో లైనుంది, అడుగున, చిన్నక్షరాల్లో.
విడిపోతే కార్డు రద్దు.
నూకరాజు దాన్ని గబగబా చదివేశాడు,
నేను బిల్లు మీద ఎక్కించలేదు.
రాత్రి తనే పెన్ను తీసుకుని
రెండు పక్కలా రాసింది,
తన భాషలో, గుండ్రంగా.

పప్పులో ఉప్పెక్కువైందని
కిందటి నెల నేను విసుక్కున్నప్పుడు
మూడు రోజులు మాట్లాడలేదు.
ఇంత చిన్నదానికా అనుకున్నాను.
నేను అలిగితే అలిగినట్టు.
తను అలిగితే
ఎక్కడో ఒక ఆఫీసులో
ఒక ఫైలు కదులుతుందేమోనని
తనకి తెలుసు. నాకే తెలీదు.

ఇవాళ పొద్దున్నే ఫారం నింపడానికి కూచున్నాం.
తెల్ల గోడ ముందు ఫొటో,
పుట్టిన ఊరు, తండ్రి పేరు,
ఒంటి మీద గుర్తు: కుడి చేతికి ఇస్త్రీ మచ్చ.
తర్వాత, శాశ్వత చిరునామా.

మాది వశిష్ఠ ఒడ్డున లంక.
నిరుడు వరదకి రెండు వరసల చెట్లు
వేళ్లతో సహా జారిపోయాయి.
ఇంటి నంబరు అలాగే ఉంది,
పెరడు మాత్రం తగ్గుతోంది.

"శాశ్వతం అంటే ఎన్నాళ్లండీ?"
అడిగింది మరిసెల్, మా యాసలో.

నూకరాజు తెర మీంచి కళ్లు తిప్పలేదు.
"ఆ గడి ఖాళీగా ఉంటే
ఫారం ముందుకెళ్లదండి."