గంటకు ఐదువందల టెంగే

నాకు మొహాలు గుర్తుండవు.
పదకొండేళ్లుగా ఈ నేలమాళిగలో నేను చూసేది వీపుల్ని,
వీపుల అవతల వెలిగే తెరల్ని.
పైన కరగండలో మైనస్ ముప్పై.
కింద ఇరవై రెండు కంప్యూటర్లు,
హీటరు పక్కన ఆరేసిన బూట్ల వాసన,
ఉప్పేసిన పాల టీ.

నాలుగో కుర్చీ సాకెన్‌ది.
బొగ్గుగని షిఫ్టు దిగి తిన్నగా ఇక్కడికే వస్తాడు,
ఎంత కడిగినా కనురెప్పల అంచుల్లో
కాటుకలా కాస్త మిగిలిపోతుంది.
ఆ ఆటలో అందరూ గుహల్లోకి దిగుతారు,
వజ్రాలన్నీ అక్కడే ఉన్నాయట.
ఇతను ఇంతవరకు అడుగు లోతు తవ్వలేదు.
కొండకొమ్మున ఇల్లు కట్టాడు,
గోడలకన్నా కిటికీలెక్కువ.
ఒడ్డునుంచి ఇసుక మోసి, కొలిమిలో కరిగించి,
ఒక్కొక్క గాజుపలకా తనే పోసుకున్నాడు.
"వజ్రాలు చేదా?" అన్నాను ఓసారి.
"తవ్వినందుకు జీతమిస్తారా, రౌషాన్ అపా?"
తెర మీంచి కళ్లు తిప్పకుండానే అన్నాడు.
అక్కడ సూర్యుడు అస్తమిస్తున్నాడు.
అతను ఏమీ చెయ్యకుండా
పూర్తిగా మునిగేదాకా చూశాడు, గంట డబ్బులిచ్చి.

పన్నెండులో కామ్షాత్.
తెరమీద మాత్రం ఒంటికన్ను గొడ్డలివాడు,
ఏడడుగుల మనిషి, బొడ్డుదాకా గడ్డం.
మైకు ఎప్పుడూ ఆపే ఉంటుంది.
ఒక్కరోజు ఆ పిల్ల గొంతు విని
అవతలివాళ్లు ఏమన్నారో నేనూ విన్నాను.
ఇక్కడ మళ్లీ అననులెండి.
ఆ మర్నాడే పుట్టాడు ఈ గడ్డంవాడు.
అయితే వీడు
పోరు మధ్యలో గొడ్డలి కింద పెట్టి
కొత్తగా వచ్చి దారి తప్పినవాళ్లకి
మందుసీసాలు పంచుతూ తిరుగుతాడు.
పాపం, మొహం మార్చుకోగలిగింది గాని
చెయ్యి మార్చుకోలేకపోయింది.

దియాస్‌కి పదిహేనేళ్లు, నత్తి.
రెండు గంటలు కావాలంటే రెండు వేళ్లు చూపిస్తాడు.
వాడి ఆటలో రాజు ప్రశ్న అడుగుతాడు,
కింద మూడు జవాబులు,
ఎర్రగీత ఒకటి కరిగిపోతూ ఉంటుంది.
మూడూ చదువుతాడు. వేలు మీట మీదే ఉంటుంది.
గీత అయిపోతుంది.
భయమనుకున్నాను నేను.
ఓ రోజు చిల్లర చీటీ వెనక రాసి నా ముందు పెట్టాడు:
"ఇక్కడ నేను ఊరుకుంటే
నా మాట ఎవరూ నా బదులు పూర్తి చెయ్యరు."

ఇక నా సంగతి.
ఫిబ్రవరిలో మంచుతుఫాను రాత్రి, ఒక్కరూ రాలేదు.
కరెంటు దండగని ఏడో కుర్చీలో కూర్చున్నాను.
మొహం చేసుకోమంది.
ముక్కులే ముప్పై రకాలు,
వెతగ్గా వెతగ్గా మా అత్తగారి ముక్కు దొరికింది,
వద్దని దాటేశాను.
కాసేపటికి మంచులో ఒక ఇల్లు, మనుషుల్లేరు.
బల్లమీద రొట్టె.
నా ఆకలి గీత సగానికి పడిపోయింది.
తీసుకుంటే అడిగేవాడు లేడు,
ఆ ఇంటివాడు అసలు పుట్టనే లేదు.
అయినా చెయ్యి రాలేదు.
బయటికొచ్చి, లోపలికి మంచు కొడుతుందని
వెనక్కి వెళ్లి తలుపు వేశాను.

వేశాక నవ్వొచ్చింది.
నవ్వు సగంలో ఆగిపోయింది.

గని ఆఫీసులో ఇరవై ఆరేళ్లు లెక్కలు రాశాను.
ఒక శీతాకాలం, కొనని గ్యాస్ మీటర్లకి
కొన్నట్టు సంతకం పెట్టమన్నారు.
చెయ్యి వచ్చింది.
ఎవరికీ ఏమీ కాలేదు ఆ ఏడు.
కాలేదన్నమాట ఇన్నాళ్లూ
దుప్పటిలా కప్పుకుని పడుకున్నాను.
లేని రొట్టె ముట్టనిదీ నేనే,
లేని మీటర్లు లెక్కపెట్టిందీ నేనే.
ఇందులో ఏ రౌషాన్‌ని ఎంచుకోవాలో
ఆ తెర నన్ను అడగలేదు.

మిషను ఆపేసి లేచాను,
నాలుగో కుర్చీ వైపు చూడకుండా.
రిజిస్టరు తీసి రాశాను:
ఏడో నంబరు, రెండు గంటల పది నిమిషాలు.
పది నిమిషాలు ఎవరికైనా వదిలేస్తాను.
ఆ రాత్రి వదల్లేదు.
పర్సు విప్పి, లెక్కపెట్టి,
డబ్బాలో వేశాను.