నిప్పుల మీద నీ మూల

హిమెనా, తలుపు వేసి రా.
ఈ చలిగది రొదలో మన మాట బయటికి పోదు.
మనుషులకన్నా ఆవులెక్కువున్న ఉరుగ్వేలో,
ఈ తకువరెంబో ఊళ్లో,
ముప్పై ఒక్క ఏళ్లుగా ఎముకలు కొడుతున్నదాన్ని.
మాంసం మానేస్తానన్న పిల్లకి
నేనా బుద్ధులు చెప్పేదని నవ్వుకుంటావేమో, నవ్వుకో.
గొర్రె కసాయినే నమ్ముతుందట.
ఈ ఒక్కసారికి నమ్ము.

ఆదివారం అందరూ నిప్పుల చుట్టూ ఉండగా
నువ్వు పళ్లెం బోర్లించావు.
మీ నాన్న మొహం చూశావా?
కోపం కాదే అది.
నెల్సన్‌కి ప్రేమని చెప్పడం రాదు,
పక్కటెముకలు కాల్చడం వచ్చు.
ఆ సంగతి మనసులో పెట్టుకుని వద్దను.
తినేవాళ్ల నోటి దగ్గర దూడ కథ చెప్పకు.
అడిగితే చెప్పు.
అడక్కపోతే ఉప్పు అందించు.

ఇప్పుడు నేనొకటి అడుగుతాను.
నువ్వు మానేస్తున్నది మాంసమా, మొత్తం తిండేనా?
బడి గౌను నడుం దగ్గర వదులైంది.
అద్దం ముందు పక్కకి తిరిగి
పొట్ట లోపలికి లాక్కోవడం నేను చూళ్లేదనుకోకు.
దూడ మీద జాలైతే, నా కొట్టుకి తాళం పడ్డా సరే,
నీ వెనక నిలబడతాను.
నీ ఒంటి మీద నీకే పగైతే మాత్రం
దానికి ఆకుకూర ముసుగెయ్యకు.

జవాబు ఇప్పుడే అక్కర్లేదు.
ఆ పీట లాక్కుని కూచో.

రొట్టే, వేపిన బంగాళాదుంపలే తిని
శాకాహారులమన్నవాళ్లని చూశాను,
నాలుగు మెట్లెక్కితే ఆయాసం.
మసూర్లు రాత్రే నానబెట్టు. సాసేజీ వెయ్యకుండా ఉడికించు,
పైన నిమ్మకాయ పిండు,
ఆ పులుపుంటేనే ఇనుము ఒంటబడుతుంది.
తినగానే మాతే తాగకు, గంట ఆగు.
గుడ్లూ పాలూ కూడా వదిలేస్తే
బి పన్నెండు బిళ్ల తప్పదు, డాక్టరమ్మనడుగు.
ఏడాదికోసారి రక్తం చూపించుకో.
రక్తం సంగతి నాకు తెలుసు.

మీ అమ్మమ్మ ఆకుకూరా గుడ్లూ కూరి కాల్చే పస్కువలీనా,
ఇరవై తొమ్మిదో తారీఖున
పళ్లెం కింద నాణెం పెట్టుకుని తినే న్యోకీలు,
ఇవన్నీ నువ్వు పుట్టకముందే మాంసం లేనివి.
పరాయి దేశమేం పోవట్లేదు నువ్వు.

ఏదో రాత్రి, ఎవరిదో పదిహేనో పుట్టినరోజున,
ఆకలి మీద ఒక ముక్క తినేస్తావు.
తెల్లారి ఏడవకు.
భంగం కావడానికి ఇది వ్రతం కాదు.
మధ్యాహ్నం మళ్లీ మొదలుపెట్టు.

వచ్చే ఆదివారం ఇనప చట్రం ఎడమ మూలని
ఉల్లిపాయ చెక్కతో నేనే తోముతాను.
అది నీది. కొవ్వు చుక్క పడనివ్వను.
వంకాయలు, జున్నుముక్క నువ్వే తెచ్చుకో.

ఇదిగో కత్తి.
కొత్తది, ఇంకా రక్తం ఎరగదు.
గుమ్మడికాయ మాంసంలా లొంగదు,
దాని మొండితనం దానిది.
వేళ్లు లోపలికి ముడుచుకో.
అలా కాదు,
ఇలా.